మూన తిరిగేదాకా



పోయిన ఏడాది ఆషాఢం చివర్లో ఒకరోజు పొద్దున ఆరింటికి ఫోను మోగింది. పామర్రు నుంచి మా మేనకోడలు. గొంతులో ఏడుపు. "అత్తా, నా కనుబొమ్మ ఊడి చేతికొచ్చిందత్తా!" అంది.

ముప్పైయేళ్లకు పైగా సర్కారు ఆసుపత్రుల్లో నర్సు పని చేసినదాన్ని. చేతికొచ్చే వస్తువులు చాలానే చూశాను కానీ, కనుబొమ్మ ఊడి చేతికి రావడం వినడం అదే మొదలు. కాసేపటికి సంగతి తెలిసింది. శ్రావణంలో పెళ్లి పెట్టుకున్న పిల్ల, స్నేహితురాళ్లతో బెజవాడ వెళ్లి మైక్రోబ్లేడింగ్ చేయించుకుంది. వెంట్రుకలు పలచగా ఉన్న కనుబొమల్లో సన్నని సూదులతో గీసి, ఆ గీతల్లో రంగు నింపుతారు. అది జరిగి ఆరో రోజు. పక్కు కట్టి ఎండిన రంగుపొర నిద్రలో దురద పుడితే గోటికి తగిలి లేచొచ్చింది. దాన్ని చూసి కనుబొమ్మే ఊడిందనుకుంది.

"దాని మీద ఇప్పుడేం పెట్టావ్?" అన్నాను. "అమ్మ పసుపు పెట్టింది" అంది. "కడిగెయ్. నేను బయల్దేరుతున్నా" అని బస్సెక్కాను.

ఈరోజు ప్రసంగం ఆ పసుపు గురించి, ఆ గోటి గురించి, ముఖ్యంగా ఆ ఆరో రోజు గురించి. కనుబొమలకో, పెదవులకో, కనురెప్పలకో ఇలా రంగెక్కించే పర్మనెంట్ మేకప్ చేయించుకోవాలా వద్దా అని నేను తీర్పు చెప్పబోవడం లేదు. చేయించుకున్నవాళ్లు ఇంటికొచ్చాక ఏం చేయాలో, ఏం చేయకూడదో చెబుతాను. పార్లర్లో పని రెండు గంటల్లో అయిపోతుంది. మిగతా పని నలభై రోజులు మన ఇంట్లో, మన చర్మం చేసుకుంటుంది. ఆ నలభై రోజుల సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

ఇది కొత్త వింతేమీ కాదు. మా అమ్మమ్మ కుడి ముంజేతి మీద ఐదు చుక్కలు, వాటి మధ్య ఒక తేలు బొమ్మ ఉండేవి. పచ్చబొట్టు. ఊళ్లోకి వచ్చిన ఎరుకల స్త్రీ అరుగు మీద కూర్చుని పొడిచిందట. కనుబొమల్లో ఇవాళ పార్లర్లో పొడిచే రంగు ఆ పచ్చబొట్టుకి మనవరాలే. సూది మారింది, రంగు మారింది, ధర మారింది. చర్మం మాత్రం అదే.

1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అనే ఆయన దక్షిణాది కులాల గురించి, తెగల గురించి ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. మద్రాసు మ్యూజియంకి అధికారిగా పనిచేసినవాడు. పచ్చబొట్టు రంగు ఎలా తయారుచేసేవారో అందులో రాశాడు. పసుపు, అవిసె ఆకు కలిపి నూరి, గుడ్డకు పట్టించి, దాన్ని వత్తిగా చుట్టి, ఆముదం దీపంలో వెలిగించి, పైన కొత్త కుండ బోర్లించేవారు. కుండ లోపల పట్టిన మసిని గీకి, నీళ్లతోనో చనుబాలతోనో కలిపేవారు. అదే రంగు.

ఇక్కడ ఒక సందేహం రావాలి మీకు. మసి నల్లగా ఉంటుంది కదా, మరి దాన్ని పచ్చబొట్టు అని ఎందుకన్నారు? మసి చర్మం పైన ఉంటే నల్లగానే కనపడుతుంది. చర్మం లోపలికి దిగితే, దాన్ని మనం చర్మపు పొరల గుండా చూస్తాం. ఆ పొరలు వెలుగులోని నీలాన్ని ఎక్కువగా వెనక్కి చెదరగొడతాయి. అందుకే లోపలున్న నలుపు మన కంటికి నీలంగా, పచ్చగా కనపడుతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీంతో పని ఉంది. కనుబొమల్లో రంగు మరీ లోతుగా దిగితే కొన్నాళ్లకి అది గోధుమరంగు వదిలి బూడిద నీలంలోకి తిరగడానికి ఒక కారణం ఇదే. కొన్ని రంగుల్లో ఇనుము ఆక్సైడులు ఉంటాయి, అవి ఎరుపులోకి తిరుగుతాయి.

పామర్రు పక్కనే కూచిపూడి. మేకప్ అంటే మాకు చిన్నప్పటి నుంచీ తెలిసింది అక్కడి నాట్యవేషాల మేకప్పే. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషం కట్టి జడ ముందుకు వేసుకుని వస్తే, ఆయన మగమనిషని పక్కనున్నవాళ్లు చెబితేగాని నమ్మబుద్ధయ్యేది కాదు. ఆ కనుబొమలు, ఆ కాటుక రేఖ ఎంత దిద్దినా తెల్లారేసరికి కొబ్బరినూనె రాసి తుడిస్తే పోయేవి. అది చర్మం మీది అలంకారం. నేను చెబుతున్నది చర్మంలోకి దిగే అలంకారం. రెంటికీ ఉన్న తేడా ఒక్క మాటలో చెప్పాలంటే, రెండోది గాయం. అందంగా, కొలతపెట్టి, డబ్బిచ్చి చేయించుకున్న గాయం. దాన్ని గాయంలాగే చూసుకోవాలి.

లోపల ఏం జరుగుతుందో కాస్త చూద్దాం. మన చర్మానికి పైపొర ఒకటి ఉంది. అది రోజూ కింద పుడుతూ పైన రాలుతూ, సుమారు నెలరోజులకి కొత్తదవుతుంది. దాని కింద గట్టి పొర, అంటే అంతశ్చర్మం ఉంది. రంగు ఆ అంతశ్చర్మపు పైభాగానికి చేరాలి. పైపొరలోనే ఆగిపోతే నెలలో రాలిపోతుంది. మరీ కిందికి పోతే చెదిరి, మచ్చ కట్టి, నీలమవుతుంది. సూది దిగగానే ఒంట్లోని కాపలా కణాలు పరుగెత్తుకొస్తాయి. వచ్చి రంగు రేణువుల్ని మింగేస్తాయి. మింగినవి అరగవు. అలాగే కడుపులో పెట్టుకుని అక్కడే ఉండిపోతాయి. మనకి కనపడే రంగులో చాలా భాగం ఆ కణాల కడుపులో ఉన్నదే. 2018లో ఫ్రాన్సులోని మార్సేలో శాస్త్రవేత్తలు ఎలుకల మీద చూసింది ఏమిటంటే, ఆ కణం చచ్చిపోతే రంగు బయట పడుతుంది, పక్కన పుట్టిన కొత్త కణం దాన్ని మళ్లీ మింగేస్తుంది. కాపలావాళ్లు మారుతుంటారు, తాళంచెవి మాత్రం చేతులు మారుతూ అక్కడే ఉంటుంది.

ఇక రోజుల లెక్కకి వద్దాం. కాగితం, కలం దగ్గరుంటే రాసుకోండి.

మొదటి రోజు కాస్త ఎర్రగా, వాపుగా ఉంటుంది. సన్నగా రసి ఊరుతుంది. చీము కాదు, నీళ్లలాంటి రసి. అది ఎండితే దళసరి పక్కు కడుతుంది, పక్కు ఊడితే దాంతోపాటు రంగూ ఊడుతుంది. అందుకని ఆరోజు శుభ్రమైన గాజుగుడ్డ ముక్కతో అద్దాలి. తుడవకూడదు, అద్దాలి.

రెండు మూడు రోజులకి కనుబొమలు బొగ్గుతో దిద్దినంత నల్లగా కనపడతాయి. అద్దంలో చూసుకుని చాలామంది భయపడతారు. భయం లేదు, ఆ ముదురు ఉండదు.

నాలుగో రోజు నుంచి పదో రోజు దాకా పొట్టు రాలుతుంది. దురద. ఇదే గండం. మా మేనకోడలి గోరు తగిలింది ఇక్కడే. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అంటారు కదా మనవాళ్లు, ఈ ఒక్క విషయంలో మాత్రం గోరే గొడ్డలి. పట్టి లాగితే కింద ఇంకా చిగురించని చర్మం లేస్తుంది, అక్కడ రంగు పోయి ఖాళీ పడుతుంది, ఒక్కోసారి మచ్చ మిగులుతుంది. దురద పుడితే శుభ్రమైన వేలితో పక్కన మెల్లగా తట్టండి. గోళ్లు ముందే కత్తిరించుకోండి. పడుకునేటప్పుడు వెల్లకిలా పడుకోండి. తలగడ గలీబు ఉతికినది వేసుకోండి.

రెండు, మూడు వారాలప్పుడు ఇంకో బెదురు. పొట్టంతా రాలాక చూస్తే రంగు వెలిసిపోయినట్టు ఉంటుంది. "డబ్బు నీళ్లపాలయింది" అని మళ్లీ పార్లరుకి పరుగెత్తాలనిపిస్తుంది. పరుగెత్తకండి. కొత్తగా వచ్చిన పైపొర ఇంకా మసగ్గా ఉంది, రంగు దాని వెనక ఉంది. నాలుగు నుంచి ఆరు వారాలకి పొర తేటపడి, అసలు రంగు బయటికి వస్తుంది. దిద్దుబాటు ఏదైనా ఉంటే ఆరు వారాలు దాటాకే. మానని చర్మం మీద మళ్లీ సూది పెట్టించుకోవడం పుండు మీద కారం చల్లుకోవడమే.

ఈ లెక్క మా పిల్లకి ఎలా చెప్పాలా అని బస్సులో ఆలోచిస్తూ కూర్చున్నాను. ఊరు దగ్గరకొచ్చేసరికి రోడ్డుకి రెండువైపులా ఊడ్పులు. కొన్ని మళ్లు అప్పుడే ఊడ్చారు, కొన్ని ఊడ్చి వారమైంది. వారమైన మళ్లలో నారు పచ్చగా లేదు. పసుపు తిరిగి, ఆకులు వాలి, చచ్చిపోయిందా అన్నట్టు ఉంది. ఇంటికి వెళ్లి కాళ్లు కడుక్కుని, పిల్లని చెయ్యి పట్టుకుని పెరటి వెనక పొలం గట్టు మీదికి తీసుకుపోయాను. మా అన్నయ్య అక్కడే ఉన్నాడు.

"అన్నయ్యా, ఈ మడి చచ్చిపోయినట్టుందే, పీకేసి మళ్లీ ఊడిపించవా?" అన్నాను.

నా వంక వింతగా చూశాడు. "నీకేమన్నా మతిపోయిందా? వేరు తెగి కొత్త మట్టిలో పడింది. పదిరోజులాగితే మూన తిరుగుద్ది. అప్పటిదాకా పలచగా నీళ్లుంచి, గొడ్డు దిగకుండా చూసుకోవడమే మన పని" అన్నాడు.

పిల్ల నా మొహం చూసింది. నవ్వింది. అర్థమైంది.

అదీ ఈ ప్రసంగం మొత్తం. మూన తిరిగేదాకా, అంటే నారు వేరు పట్టి తేరుకునేదాకా ఆగాలి. పలచగా నీళ్లు, గొడ్డు దిగకూడదు. మిగతాదంతా ఈ రెండు మాటలకి వివరమే.

పలచగా నీళ్లు అంటే శుభ్రత, తడి. ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. కాచి చల్లార్చిన నీళ్లతో, వాసన లేని మెత్తని సబ్బు నురగతో రోజుకి ఒకటి రెండుసార్లు వేలికొసలతో మెల్లగా కడగండి, శుభ్రమైన గుడ్డతో అద్దండి. వాళ్లిచ్చిన లేపనం గాని, మామూలు వాసన లేని పెట్రోలియం జెల్లీ గాని బియ్యపు గింజంత తీసుకుని పూయండి. మెరిసీ మెరవనట్టు ఉంటే చాలు. దళసరిగా పట్టిస్తే నిండా ముంచిన మడిలో నారు కుళ్లినట్టు, గాలాడక చర్మం ఉబ్బుతుంది, రంగు కారిపోతుంది. యాంటీబయాటిక్ ట్యూబు డాక్టరు రాస్తేనే. ముట్టించే వేలు డబ్బాలో ముంచవద్దు, దూదిపుల్లతో తీసుకోండి.

గొడ్డు దిగకూడదు అంటే, ఆ వారం పదిరోజులు దాని జోలికి రాకూడనివి. మన ప్రాంతంలో ముందు వచ్చేది పసుపు. థర్‌స్టన్ కాలంలో పచ్చబొట్టు పొడిచాక పైన పసుపే రుద్దేవారు. మన అమ్మలూ అదే చేస్తారు. దుగ్గిరాల పసుపుతో పెరిగినవాళ్లం, పసుపు మీద నాకూ ప్రేమే. కానీ కూరలోకి మంచిదంతా గాయంలోకి మంచిది కాదు. పొడి పసుపు శుద్ధిచేసిన మందు కాదు. గరుకు రేణువు. మరపట్టిన చోట ఏం కలిసిందో మనకి తెలియదు. పైగా అదే ఒక రంగు. వేల రూపాయలిచ్చి గోధుమరంగు వేయించుకుని దాని మీద పసుపుపచ్చ పూసుకోవడం ఏం తెలివి? పసుపు, సున్నం, నెయ్యి, వెన్న, టూత్‌పేస్టు, కాఫీపొడి, ఇవన్నీ వంటింట్లోనే ఉండనివ్వండి.

రెండోది మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబడే ట్యూబులు. వాటిలో చాలావాటిలో స్టీరాయిడ్ ఉంటుంది. ఎర్రదనం వెంటనే తగ్గుతుంది, నిజమే. చర్మం పలచబడుతుంది, మానడం మందగిస్తుంది, లోపల చీము పట్టినా పైకి కనపడదు. చర్మవైద్యుల సంఘం ఈ ట్యూబుల దుర్వినియోగం మీద ఏళ్లతరబడి మొత్తుకుంటోంది.

మూడోది చెమట, ఆవిరి, ఎండ. కృష్ణా డెల్టాలో గాలే చెమట. గంజి వార్చేటప్పుడు మొహం కుండ మీదికి వంచవద్దు. ఇడ్లీ పాత్ర మూత తీస్తే మొహం పక్కకి తిప్పండి. స్కూటరు మీద హెల్మెట్ తప్పనిసరే, కానీ అంచు కనుబొమని రాసుకోకుండా చూసుకోండి. వీలైతే ఆ వారం బస్సులో వెళ్లండి. ఎండలోకి వెళితే గొడుగు. మానాక కూడా ఎండ రంగుని తినేస్తుంది, అప్పుడు సన్‌స్క్రీన్ రాసుకోవచ్చు.

నాలుగోది కాలువ స్నానం. కాలువ గాని, చెరువు గాని, ఈతకొలను గాని రెండు వారాలు వద్దు. ఎంత పుణ్యమైనా వద్దు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగాయి, మళ్లీ 2028లో వస్తాయి. అప్పుడు మునగాలనుకుంటే ముందు నెలలో ఈ పనులు పెట్టుకోకండి.

ఇక పథ్యం. పప్పు తింటే చీము పడుతుందని మనకో నమ్మకం. నా ఉద్యోగమంతా ఆ మాట మీదే పోట్లాడాను. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, కందిపప్పు వల్ల కాదు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, చేపలు హాయిగా తినండి. పెదవులకి రంగు వేయించుకున్నవాళ్లు మాత్రం కొత్త ఆవకాయ మీద మనసు చంపుకోవాలి. కారం, పులుపు, పొగలు కక్కే కాఫీ వారంరోజులు బంద్. మజ్జిగన్నం, చల్లారిన ఇడ్లీ. నీళ్లు గొట్టంతో తాగండి.

పెదవుల గురించి ఇంకో మాట. జ్వరమొచ్చినప్పుడు పెదవి అంచున గుత్తిగా నీటిపొక్కులు లేచే అలవాటు కొందరికి ఉంటుంది. ఆ వైరస్ నరాల్లో నిద్రపోతూ ఉంటుంది. సూది పోటుకి లేస్తుంది. మీకు ఒక్కసారైనా అలా వచ్చి ఉంటే ముందే డాక్టరుకి చెప్పండి, ముందుగా వాడే మాత్రలు ఉన్నాయి. కనురెప్పల అంచున కాటుకరేఖ వేయించుకున్నవాళ్లు కాంటాక్టు లెన్సులు, కాటుక డాక్టరు చెప్పేదాకా ముట్టకూడదు. కన్ను ఎర్రబడినా, చూపు మసకబారినా సాయంత్రం దాకా కూడా ఆగవద్దు.

కొందరు ఈ పని అసలు పెట్టుకోకూడదు, లేదా డాక్టరుని అడిగాకే పెట్టుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు. షుగరు అదుపులో లేనివాళ్లు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు. వీళ్లు పార్లరు అమ్మాయి చెప్పిందని గుండె మాత్ర సొంతంగా మానేయవద్దు, కనుబొమ్మ కంటే గుండె ముఖ్యం. చెవి కుట్టించుకుంటే అక్కడ గుండీలాగా గట్టి మచ్చ పెరిగినవాళ్లు. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు. సోరియాసిస్ గాని, పెరుగుతున్న బొల్లి గాని ఉన్నవాళ్లు, ఎందుకంటే గీరిన చోటే ఆ జబ్బు కొత్తగా పుట్టుకురావచ్చు. తలకి రంగు వేస్తే మొహం వాచేవాళ్లు కూడా ముందు చెవి వెనక చుక్క వేయించుకుని చూసుకోవాలి.

పార్లర్లో అడగాల్సినవి మూడు. సూది మీ ఎదుటే కొత్త కవరు చింపి తీయాలి. రంగు విడిగా చిన్న గిన్నెలోకి పోసి, మిగిలింది పారేయాలి. చేతికి కొత్త గ్లవుజులు ఉండాలి. సూదితో హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ రాగలవు. హెపటైటిస్ బికి టీకా ఉంది. ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు చేయించుకున్నారో గుర్తులేకపోతే అదీ చూసుకోండి. రంగు సీసా మీది పేరు ఫోటో తీసి పెట్టుకోండి, రేపు ఏదైనా వస్తే డాక్టరుకి అదే ఆధారం. "ఆమోదం పొందిన విదేశీ రంగు" అంటే తల ఊపేయకండి. చర్మంలోకి ఎక్కించడానికని అమెరికా ఎఫ్‌డీఏ ఏ రంగునీ ఆమోదించలేదు. యూరపులో 2022 జనవరి నుంచి పచ్చబొట్టు రంగుల్లో, పర్మనెంట్ మేకప్ రంగుల్లో 4,000కు పైగా రసాయనాల మీద ఆంక్షలు పెట్టారు.

చేయించుకున్నాక పన్నెండు నెలలు రక్తదానం చేయకూడదు, మన దేశపు నిబంధన అది. ఎంఆర్ఐ తీయాల్సి వస్తే అక్కడి టెక్నీషియనుకి చెప్పండి. రంగులోని ఇనుము వల్ల ఎప్పుడో ఒకరికి అక్కడ వేడిగా, మంటగా అనిపిస్తుంది. అంతమాత్రాన ఎంఆర్ఐ మానుకోకూడదు. నచ్చలేదని లేజరు పెట్టించుకునే ముందు చర్మవైద్యుణ్ణి కలవండి. కొన్ని గోధుమ, ఎరుపు రంగులు లేజరు తగలగానే నల్లబడతాయి.

ఎప్పుడు భయపడాలి? మొదటి రెండు రోజుల ఎరుపు మామూలే. మూడో రోజు తర్వాత ఎరుపు తగ్గాల్సింది పోయి పాకుతుంటే, ముట్టుకుంటే కాలుతుంటే, పసుపుపచ్చ చీము, దుర్వాసన, జ్వరం, చెవి ముందు బిళ్ల కడితే వెంటనే ఆసుపత్రికి. బెజవాడ, బందరు పెద్దాసుపత్రులు మనకి దగ్గరే. నెలల తర్వాత రంగున్న చోట గింజలుగా లేచినా, ఆగని దురద పట్టినా చర్మవైద్యుణ్ణే చూడాలి, పార్లరుని కాదు.

ఇదంతా సోకు కోసమేనా అంటే, కాదు. కాన్సర్ మందులకి కనుబొమలు రాలినవాళ్లు, మొహం కాలి మచ్చపడినవాళ్లు, పెదవి మీద ఆగిపోయిన బొల్లి మచ్చ ఉన్నవాళ్లు, రొమ్ము తీసేసి మళ్లీ కట్టించుకున్నవాళ్లు ఇదే సూదితో కాస్త ధైర్యం తెచ్చుకుంటారు. వాళ్లకీ జాగ్రత్తలు ఇవే, ఇంకాస్త ఎక్కువ.

ఇప్పుడు ముహూర్తం లెక్క. మా మేనకోడలు తప్పు చేసింది సూది దగ్గర కాదు, క్యాలెండరు దగ్గర. పెళ్లికి పదిహేను రోజుల ముందు చేయించుకుంది. పెళ్లికూతుర్ని చేసేటప్పుడు నలుగు పెడతారు. సున్నిపిండి, పసుపు, నూనె కలిపి ముత్తయిదువలంతా తలొక చెయ్యీ వేసి రుద్దుతారు. మానని కనుబొమకి అంతకంటే శత్రువు ఉందా? అందుకని లగ్నపత్రిక చేతికి రాగానే వెనక్కి లెక్కేయండి. నలుగుకి రెండు నెలల ముందే పని అయిపోవాలి, దిద్దుబాటుతో కలిపి. అంత వ్యవధి లేదా, పెన్సిలుతో దిద్దుకోండి. సత్యభామకి చాలింది, మనకి చాలదా?

మా ఇంట్లో ఏం చేశామంటే, నలుగునాడు నేను పిల్ల పక్కనే నిలబడ్డాను. పిండి చెంపల దాకే, నుదుటికి రానివ్వలేదు. పెద్దావిడొకరు మూతి ముడుచుకున్నారు, ముడుచుకోనీ. కుడి కనుబొమలో పక్కు లేచిన చోట చిటికెనవేలి గోరంత ఖాళీ మిగిలింది. పెళ్లిలో దాన్ని పెన్సిలుతో పూడ్చాం. రెండు నెలల తర్వాత దిద్దించుకుంది. ఇప్పుడు తెలియదు.

కానీ చివరగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఆ పొద్దున నేను వెళ్లేసరికి పిల్ల ఎక్కడుందో తెలుసా? పొయ్యి దగ్గర. చుట్టాలు దిగారు, ఉప్మా గిన్నె ఆవిరి మొహానికి కొడుతోంది, పమిటచెంగుతో నుదురు తుడుచుకుంటోంది. ఎండలోకి వెళ్లవద్దు, ఆవిరి తగలనీయవద్దు, చెమట పట్టనీయవద్దు అని పార్లరువాళ్లు చెప్పారట. ఎవరు చెయ్యనిస్తారు? పది రోజులు ఆడమనిషి పొయ్యి దగ్గరికి పోకపోతే ఇల్లు నడవని చోట, ఏ లేపనం పనిచేస్తుంది?

అప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పచ్చబొట్టు పొడిచిన ఎరుకలావిడ వెళ్తూ వెళ్తూ, "అమ్మా, పదిరోజులు ఈ చెయ్యి పేడలో పెట్టనీకు, పొంగుద్ది" అని మా అమ్మమ్మ అత్తగారితో చెప్పిందట. కోడలితో కాదు, అత్తగారితో. ఆ పదిరోజులు అత్తగారే తెల్లవారుజామున లేచి కళ్లాపి చల్లింది. "నా కాపురంలో నేను తెల్లారేదాకా పడుకున్నది ఆ పదిరోజులేనే" అని మా అమ్మమ్మ ఆ తేలుబొమ్మ నిమురుకుంటూ చెప్పేది. పేడలో ధనుర్వాతం ఉంటుందని ఎరుకలావిడ ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఎవరికి చెబితే పని జరుగుతుందో మాత్రం ఆవిడకి తెలుసు.

నేనూ అదే చేశాను. పిల్లకి చెప్పడం మానేసి వాళ్ల నాన్నని, అంటే మా అన్నయ్యని పిలిచాను. "మడిలో గొడ్డు దిగకుండా చూసుకోవడం నీ పని అన్నావు కదా, ఇంట్లో కూడా చూసుకో" అన్నాను. మారుమాట్లాడకుండా తువ్వాలు భుజాన వేసుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాడు. ఆరోజు ఉప్మా అడుగంటింది. ఎవరూ ఏమీ అనలేదు.